స్కాగెన్ చిత్రకారులు: జాలరి ఊరు, నీలి సాయంత్రాలు, పోస్టుకార్డులు

డెన్మార్క్ ఉత్తరపు కొసన ఉన్న జాలరి ఊరు స్కాగెన్. యూట్లండ్ ద్వీపకల్పం పైకి పోయేకొద్దీ సన్నబడి, గ్రేనెన్ అనే ఇసుక మొనగా మారి నీళ్లలోకి దిగిపోతుంది. ఆ మొనకు ఒక పక్క స్కాగెరాక్, ఇంకో పక్క కాటెగాట్. రెండు సముద్రాల అలలు ఎదురెదురుగా వచ్చి కొట్టుకోవడం అక్కడ నిలబడితే కంటికే కనిపిస్తుంది. 1870ల నుంచి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకం ముగిసేదాకా వేసవి వచ్చిందంటే డెన్మార్క్, నార్వే, స్వీడన్‌ల నుంచి చిత్రకారులు ఈ ఊరు చేరేవారు. కొందరు ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. మైకేల్ అంకర్, అన్నా అంకర్, పేడర్ సెవరిన్ క్రోయర్, క్రిస్టియన్ క్రోగ్, విగ్గో యోహాన్సెన్, ఆస్కార్ బ్యోర్క్, లారిట్స్ టుక్సెన్, కవీ చిత్రకారుడూ అయిన హోల్గర్ డ్రాక్‌మన్ వీరిలో ముఖ్యులు. కళాచరిత్ర వీరిని స్కాగెన్ చిత్రకారులు అంటుంది.

వీరి బొమ్మల్లో రెండు స్కాగెన్‌లు ఉన్నాయి. ఒకటి, తుపానులో ఓడ చిక్కుకుంటే ప్రాణాలకు తెగించి పడవ దించే జాలరుల ఊరు. రెండోది, నీలి సాయంత్రాల్లో లేతరంగు గౌన్లు తొడుక్కున్న స్త్రీలు షికారు చేసే తీరం. పోస్టుకార్డులుగా, పోస్టర్లుగా, క్యాలెండర్లుగా లోకమంతా తిరిగింది ఎక్కువగా రెండో స్కాగెనే. చిత్రకారులను ఇక్కడికి రప్పించింది మాత్రం మొదటిది. ఈ రెంటికీ మధ్య అన్నా అంకర్ వేసిన మూడో స్కాగెన్ ఒకటి ఉంది. అది ఇళ్ల లోపల ఉంటుంది.

ఊరు

స్కాగెన్‌కు పట్టణ హోదా 1413లోనే వచ్చింది. అయినా పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అది దారీ తెన్నూ లేని చోటే. 1890లో ఫ్రెడరిక్స్‌హావ్న్ నుంచి రైలు మార్గం పడేదాకా తీరం వెంట ఇసుకలో బండి మీద రావడమో, ఓడలో రావడమో తప్ప మరో మార్గం లేదు. ఇసుక ఈ ఊరికి పెద్ద శత్రువు. గాలికి కదిలే దిబ్బలు పొలాలను మింగాయి, ఇళ్లను మింగాయి. సెయింట్ లారెన్స్ పేరిట కట్టిన పాత చర్చి ద్వారానికి అడ్డంగా ఇసుక మేట వేస్తూ వచ్చింది. జనం తవ్వి తవ్వి విసిగిపోయాక 1795లో దాన్ని మూసేశారు. ఓడలకు గుర్తుగా ఉంటుందని బురుజు మాత్రం ఉంచేశారు. తెల్లసున్నం కొట్టిన ఆ బురుజు దిబ్బల మధ్య నేటికీ నిలిచి ఉంది. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1859లో ఇక్కడికి వచ్చి వెళ్లాక రాసిన ఇసుక దిబ్బల కథలో ఈ చర్చి ఉంది.

సముద్రం అన్నం పెట్టేది, ప్రాణాలూ తీసేది. 1907 దాకా ఊరికి రేవు లేదు. పడవలను ఒడ్డు మీదికి లాగి పెట్టుకునేవారు. వేట చాలావరకు ఒడ్డు నుంచే సాగేది. పడవ వలను చుట్టుతిప్పి వస్తే, రెండు కొసల తాళ్లనూ ఒడ్డున మనుషులు బారులు తీరి లాగేవారు. మన కోస్తాలో అలివి వల లాగడం చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. బాల్టిక్ సముద్రానికి పోయే ఓడలు చాలావరకు ఈ మొన చుట్టూ తిరిగే వెళ్లేవి. నీళ్ల కింద ఇసుక మెట్టలు ఎప్పటికప్పుడు జరుగుతుంటాయి. అందుకే ఓడ ప్రమాదాలు ఇక్కడి జీవితంలో భాగమైపోయాయి. ప్రభుత్వం 1852లో సముద్ర రక్షణ సేవను ఏర్పాటు చేసింది. రక్షక పడవ నడిపేది మాత్రం ఊరి జాలరులే. 1862 డిసెంబరు 27న డాఫ్నే అనే స్వీడన్ ఓడను కాపాడబోయి ఎనిమిది మంది రక్షకులు మునిగిపోయారు. ఇంత చిన్న ఊళ్లో ఒకే రోజు ఎనిమిది మంది పోవడమంటే ఏమిటో లెక్క చెప్పనక్కర్లేదు. చిత్రకారులు వచ్చేనాటికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

తొలి రాకపోకలు

డెన్మార్క్ స్వర్ణయుగ చిత్రకారుడు మార్టినస్ రోర్‌బ్యూ 1833లోనే ఇక్కడికి వచ్చాడు. అయితే అది ఒంటరి ప్రయాణం. అసలు కథ 1870లలో మొదలవుతుంది. డ్రాక్‌మన్, ఆ తర్వాత డెన్మార్క్ జాతీయ చిత్రశాలకు అధిపతి అయిన కార్ల్ మాడ్సెన్ తొలుత వచ్చినవారు. మాడ్సెన్ పిలుపు మీద 1874లో మైకేల్ అంకర్ వచ్చాడు. ప్యారిస్‌లో చదువుకున్న కుర్రకారు అప్పుడు స్టూడియో వదిలి ఆరుబయట, పని చేసుకునే మనుషులను చూస్తూ వేయాలని తహతహలాడుతున్నారు. కోపెన్‌హాగెన్ అకాడమీ పద్ధతులు వాళ్లకు ఇరుకనిపించాయి. స్కాగెన్‌లో చవకగా బతకొచ్చు, మోడళ్లకు కొదవలేదు. అన్నిటికన్నా ముఖ్యం వెలుతురు. రెండు వైపులా నీళ్లు, కింద తెల్లటి ఇసుక, పైన అడ్డులేని ఆకాశం. జూన్ చివర్లో సూర్యుడు రాత్రి పది దాటాక గాని అస్తమించడు. ఆ తర్వాతా చాలాసేపు నీలం వెలుగు నీళ్ల మీద, ఇసుక మీద నిలిచే ఉంటుంది.

వాళ్లందరూ దిగేది బ్రోండుమ్ కుటుంబం నడిపే సత్రంలో. సరుకుల దుకాణం, సారా కొట్టు, బస అన్నీ అక్కడే. ఆండర్సన్ 1859 ఆగస్టులో దిగిందీ అక్కడే. ఆయన వచ్చిన మర్నాడు, ఆగస్టు 18న, సత్రం యజమానులకు ఒక ఆడపిల్ల పుట్టింది. భోజనం ఆలస్యమైందని ఆండర్సన్ చేసిన గొడవకే తల్లికి నొప్పులు మొదలయ్యాయని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ పిల్లే అన్నా. స్కాగెన్ చిత్రకారుల్లో ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ప్రముఖురాలు ఆమె ఒక్కతే.

మైకేల్ అంకర్

బోర్న్‌హోమ్ ద్వీపంలో 1849లో పుట్టిన మైకేల్ అంకర్ స్కాగెన్ జాలరులను వీరులుగా చూశాడు. 1879-80 ప్రాంతంలో వేసిన ‘మొన దాటగలడా’ అతనికి పేరు తెచ్చింది. డెన్మార్క్ రాజు తొమ్మిదో క్రిస్టియన్ ఆ చిత్రాన్ని కొన్నాడు. ఒడ్డున జాలరుల గుంపు ఒకటి నిలబడి ఉంటుంది. తోలు బూట్లు, నూనె పట్టించిన కోట్లు, వెడల్పు అంచు టోపీలు. అందరి చూపూ సముద్రం మీదే. వాళ్లు చూస్తున్న పడవ మాత్రం బొమ్మలో లేదు. మనకు కనిపించేదల్లా ఆ ముఖాలే. అది మునుగుతోందా, నెగ్గుకొస్తోందా అన్నది ఒక్కో ముఖంలో ఒక్కోలా చదువుకోవాలి. ప్రమాదాన్ని చూపకుండా ప్రమాదాన్ని చెప్పిన ఈ కూర్పు అతని పనితనంలో మేలైనదని చెప్పొచ్చు. తర్వాత వేసిన పెద్ద చిత్రాల్లో కొన్నిసార్లు నాటకీయత పాలు ఎక్కువైంది. ఇందులో ఆ లోపం లేదు.

1883 నాటి ‘రక్షక పడవను దిబ్బల మధ్యగా తీసుకెళ్లడం’ కూడా అలాంటిదే. దూరంగా సముద్రంలో ఓడ ఒకటి ఆపదలో ఉంది. మంచు పడిన దిబ్బల్లోంచి పడవను బండి మీద తీరానికి తరలిస్తున్నారు. పడవ నీళ్లను చేరకముందే మనుషులు ఎంత అలసిపోవాలో చిత్రం చెబుతుంది. స్వీడన్ చిత్రకారుడు ఆస్కార్ బ్యోర్క్ అదే ఏడాది ‘ఆపద సంకేతం’ వేశాడు. తుపాకి చప్పుడు విని ఒక జాలరి ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడిన క్షణం అది.

ఆ కాలపు జాలరుల్లో పేరుమోసిన రక్షకుడు లార్స్ క్రూసె. అతని మీద డ్రాక్‌మన్ 1879లో ఒక పుస్తకమే రాశాడు. ఎందరినో ఒడ్డుకు చేర్చిన ఆ మనిషి 1894లో సముద్రంలోనే పోయాడు. మైకేల్ 1896లో వేసిన ‘మునిగిపోయినవాడు’ అతని మరణాన్నే చూపుతుంది. గదిలో బల్ల మీద శవం, చుట్టూ తోటి జాలరులు, కన్నీరుమున్నీరవుతున్న ఇంటివాళ్లు. అదే 1896లో అదే చేత్తో మైకేల్ ‘తీరాన షికారు’ కూడా వేశాడు. ఎండలో ఐదుగురు యువతులు తెలుపు, లేత రంగుల దుస్తుల్లో తీరం వెంట నడిచిపోతుంటారు. స్కాగెన్ రెండుగా చీలిన చోటు చూపమంటే ఈ జంట చిత్రాలను పక్కపక్కన పెడితే చాలు.

క్రోగ్, గైహెడె కుటుంబం

నార్వే చిత్రకారుడు క్రిస్టియన్ క్రోగ్ 1879లో వచ్చాడు. జాలరులను వీరులుగా చూడడం అతనికి పట్టలేదు. వెస్టర్‌బ్యూ అనే పడమటి వాడలో గైహెడె అనే పేద జాలరి కుటుంబం ఉండేది. క్రోగ్ వాళ్ల ఇంటికే పోయి కూర్చున్నాడు. నీల్స్ గైహెడె వల అల్లుతుంటే వేశాడు, అతని భార్య ఆనె రొట్టె కోస్తుంటే వేశాడు. ముసలితనం, ఇరుకుగది, అలవాటైన పని. బొమ్మ చూసేవాళ్లను మెప్పించాలనే ప్రయత్నం వాళ్ల ముఖాల్లో లేదు. 1883లో అతను వేసిన ‘తల్లీ బిడ్డా’ చిత్రంలో పని అలసటతో తల్లి కూర్చున్నచోటే మంచం మీదికి తల వాల్చి నిద్రపోయింది, ఉయ్యాల్లో బిడ్డా నిద్రపోయింది. మైకేల్ మీదా, అన్నా మీదా క్రోగ్ ప్రభావం గట్టిది. స్కాగెన్ గురించి రాసేటప్పుడు అతనికి ఒక పేరా ఇచ్చి వదిలేయడం పరిపాటి. ఆ ఊరి పేదరికాన్ని అంత దగ్గరగా చూసిన పరాయివాడు మరొకడు లేడు కనుక ఆ పేరా కొంచెం పెద్దదై ఉండాలి.

క్రోయర్

నార్వేలోని స్టావంగర్‌లో 1851లో పుట్టి, కోపెన్‌హాగెన్‌లో పెరిగి, ప్యారిస్‌లో లియోన్ బొనా దగ్గర చదువుకున్న క్రోయర్ 1882 వేసవిలో స్కాగెన్ వచ్చాడు. అప్పటికే అంతర్జాతీయంగా పేరున్నవాడు. పొగాకు వ్యాపారి హైన్రిక్ హిర్ష్‌స్ప్రుంగ్ అండ ఉంది. చెయ్యి చాలా వేగం. వచ్చిన ఏడాదే బ్రోండుమ్ దుకాణంలో వేట లేని రోజున చేరిన జాలరుల్ని వేశాడు. తన తావులోకి ఇంకొకడు వచ్చాడని మైకేల్‌కు మొదట్లో కష్టంగా ఉండేది. పోను పోను స్నేహం కుదిరింది.

1883లో క్రోయర్ వేసిన ‘ఉత్తర తీరాన వల లాగుతున్న జాలరులు’ అతని స్కాగెన్ చిత్రాల్లో మొదటి గొప్పది. సాయంత్రపు వాలు వెలుతురులో బారుగా మనుషులు తాడు పట్టి వెనక్కి వాలి అడుగులు వేస్తుంటారు. శ్రమ ఉంది, శ్రమను బంగారంలా చూపే ఎండా ఉంది. పదేళ్లు తిరిగేసరికి అతని చిత్రాల్లో ఆ తీరం మీద నుంచి జాలరులు మాయమయ్యారు.

ఆ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే క్రోయర్ జీవితాన్ని కొంత చూడాలి. 1884లో మైకేల్ ఇంటి తోటలో చిత్రకారుల బృందం విందు చేసుకుంది. జర్మన్ చిత్రకారుడు ఫ్రిట్స్ స్టోల్టెన్‌బెర్గ్ ఫొటోలు తీశాడు. ఆ విందునే క్రోయర్ ‘హిప్ హిప్ హుర్రా’గా వేయడానికి పూనుకున్నాడు. రోజూ ఈజిల్ మోసుకుని తోటలోకి వస్తుంటే మైకేల్‌కు విసుగొచ్చి గొడవ కూడా అయింది. 1888లో పూర్తయిన ఆ చిత్రం ఇప్పుడు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ కళా మ్యూజియంలో ఉంది. చెట్ల ఆకుల్లోంచి ఎండ తెల్లటి బల్లగుడ్డ మీద, గ్లాసుల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. అందరూ గ్లాసులెత్తి నిలబడ్డారు. ఆ బల్ల చుట్టూ జాలరి ఒక్కడూ లేడు. చిత్రకారులు తమ జీవితాన్నే వస్తువుగా చేసుకోవడం ఇక్కడ మొదలైంది.

1889లో క్రోయర్ చిత్రకారిణి మారీ ట్రిప్‌కేను పెళ్లి చేసుకున్నాడు. మారీ తనంతట తాను ప్రతిభావంతురాలు. ఆమె రూపాన్ని భర్త ఎన్ని సార్లు వేశాడో, ఆమె చేతి పనిని లోకం అంతగా మరిచిపోయింది. 1892 వేసవిలో ఒక రాత్రి విందు తర్వాత అందరూ తీరం వెంట నడిచారు. ఆ నడకలోంచి పుట్టిందే 1893 నాటి ‘స్కాగెన్ దక్షిణ తీరాన వేసవి సాయంత్రం’. మారీ, అన్నా చేయీ చేయీ కలుపుకుని నీళ్ల అంచున దూరంగా నడిచిపోతుంటారు. 100 సెంటీమీటర్ల ఎత్తు, 150 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ కాన్వాసులో సగానికి పైగా ఇసుకా, నీళ్లే. ఇసుక వంపు తీరి పోయి దూరాన నీలంలో కరిగిపోతుంది. ఎక్కడ నీళ్లు ఆగి ఆకాశం మొదలైందో గుర్తుపట్టడం కష్టం. ఒకటే నీలాన్ని ఇసుక దగ్గర ఊదా ఛాయతో, నీళ్ల దగ్గర వెండి ఛాయతో మార్చుకుంటూ పోవడంలో క్రోయర్ నేర్పంతా ఉంది.

1899లో మళ్లీ అదే తీరం, అదే వెలుగు. ఈసారి నడిచేది క్రోయర్, మారీ, వాళ్ల కుక్క రాప్. ఆ సంసారం అప్పటికే బీటలు వారింది. క్రోయర్‌ను జబ్బు పట్టి పీడించింది, మానసిక అస్వస్థత పలుమార్లు ఆసుపత్రికి తెచ్చింది, చూపూ తగ్గింది. మారీ స్వీడన్ స్వరకర్త హ్యూగో అల్‌ఫ్‌వెన్‌కు దగ్గరై 1905లో విడాకులు తీసుకుంది. 1906లో క్రోయర్ వేసిన ‘స్కాగెన్ తీరాన నడివేసవి మంట’లో ఊరి జనం, మిత్రులు అందరూ మంట చుట్టూ ఉన్నారు. మారీ, అల్‌ఫ్‌వెన్ కూడా ఒక పక్కన పడవకు ఆనుకుని ఉన్నారు. క్రోయర్ వాళ్లను వదిలేయలేదు. ఆ నిజాయతీ కారణంగానే నీలి సాయంత్రాలన్నిటికన్నా ఈ చిత్రం లోతైనదనిపిస్తుంది. 1909 నవంబరులో అతను స్కాగెన్‌లోనే కన్నుమూశాడు.

అన్నా అంకర్

అన్నా కోపెన్‌హాగెన్‌లో విల్‌హెల్మ్ క్యూన్ నడిపిన స్త్రీల చిత్రకళా పాఠశాలలో 1875 నుంచి మూడేళ్లు చదివింది. రాజ అకాడమీ తలుపులు అప్పట్లో ఆడవాళ్లకు తెరుచుకోలేదు. 1880లో, తన ఇరవై ఒకటో పుట్టినరోజున, మైకేల్‌ను పెళ్లాడింది. పెళ్లయ్యాక రంగులూ కుంచెలూ సముద్రంలో పారేయమని గురువు సలహా ఇచ్చాడని చెబుతారు. ఆమె వినలేదు. 1883లో కూతురు హెల్గా పుట్టాక కూడా మానలేదు. 1889 ప్రాంతంలో భర్తతో ప్యారిస్ వెళ్లి పువీ ద షవాన్ దగ్గర కొంతకాలం నేర్చుకుంది. తిరిగొచ్చి తన ఊరి ఇళ్లనే వేసింది.

తీరానికి వెళ్లి వీరుల్ని వెతుక్కోవాల్సిన అవసరం ఆమెకు లేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఎరిగినవాళ్లే. లార్స్ గైహెడె కర్ర చెక్కుతుంటే వేసింది. గుడ్డిదైన ముసలావిడ గదిలోకి ఎండ పడితే వేసింది. వంటింటి పనిమనిషిని వెనక నుంచి వేసింది. ఆ పిల్ల ఎర్రటి పావడాతో కిటికీ పక్కన నిలబడి పనిలో మునిగి ఉంటుంది, పసుపు తెరలోంచి వెలుగు ఆమె మీద పడుతుంది. 1891 నాటి ‘ఒక అంత్యక్రియ’లో గదిలో శవపేటిక చుట్టూ నిలబడ్డ ఊరివాళ్లు కనిపిస్తారు. మైకేల్ ‘మునిగిపోయినవాడు’లో ఏడుపు వినిపిస్తుంది. అన్నా చిత్రంలో జనం మౌనంగా నిలబడి ఉన్నారు, గోడ రంగు మాత్రం మెరుస్తోంది. చావు ఇంట్లోనూ కిటికీలోంచి వెలుగు రావడం ఆపదని ఆమె గమనించింది.

అదే ఏడాది వేసిన ‘నీలి గదిలో ఎండ’ ఇక్కడ కాస్త ఆగి చూడదగ్గది. బ్రోండుమ్ సత్రంలో అన్నా తల్లి ఉండే గది. హెల్గా వీపు మనకు పెట్టి కుర్చీలో కూర్చుని చేతిపని చేసుకుంటోంది. గోడంతా నీలం. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ నీలం మీద కిటికీ ఆకారంలోనే పడి, కిటికీలో పెట్టిన మొక్కల నీడల్ని గోడ మీద రాసింది. పిల్ల జుట్టు ఆ ఎండ తగిలి బంగారం రంగు తేలింది. కథ ఏమీ లేదు. పిల్ల ముఖమూ కనపడదు. చూస్తుండగా ఆ గోడ మీది ఎండ ముక్కే బొమ్మకు నాయిక అయిపోతుంది. క్రోయర్ తీరంలో నీలం రోజు ముగిసినప్పటి రంగు. అన్నా గదిలో నీలం గోడకు వేసిన సున్నం రంగు, రోజూ చూసేది. 1905 నాటి ‘కోత కూలీలు’ నాటికి ఆమె రంగులు మరీ విడివిడిగా, ధైర్యంగా వచ్చాయి. 1912 తర్వాత వేసిన సాయంత్రపు ఎండ చిత్రంలో గదిలో మనుషులే లేరు.

బతికుండగా ఆమెకు గౌరవం దక్కకపోలేదు. డెన్మార్క్‌లో ఆమెను మంచి చిత్రకారిణిగానే లెక్కించారు. అయినా చాలాకాలం పుస్తకాల్లో మైకేల్ భార్యగా, క్రోయర్ సాయంత్రంలో నడిచే ఇద్దరిలో ఒకరుగా ముందు కనిపించేది. ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. డెన్మార్క్ జాతీయ చిత్రశాల 2020లో ఆమె పేరిట పెద్ద ప్రదర్శన పెట్టింది. స్కాగెన్ బృందంలో ఆధునికతకు అందరికన్నా దగ్గరగా నడిచింది ఆమేనని విమర్శకుల్లో చాలామంది నేడు ఒప్పుకుంటారు.

పోస్టుకార్డులు, రైలు, యాత్రికులు

ప్రపంచంలో తొలి పోస్టుకార్డు ఆస్ట్రియాలో 1869లో వెలువడింది. బొమ్మ కార్డుల మోజు ఐరోపా అంతటా తారస్థాయికి చేరింది ఇరవయ్యో శతాబ్దం తొలి పదేళ్లలో. స్కాగెన్‌కు రైలు 1890లో వచ్చింది. రైలు, సత్రం, కార్డు మూడూ ఒకదాన్నొకటి పోషించాయి. సెలవులకు వచ్చినవారు కొని పంపేందుకు ఊరి గుర్తులు ఎదురుగానే ఉన్నాయి: ఇసుకలో కూరుకుపోయిన చర్చి బురుజు, గ్రేనెన్ మొన, 1858లో కట్టిన బూడిదరంగు దీపస్తంభం, ఎర్ర పెంకుల కప్పులకు తెల్లటి అంచులు తీర్చిన పసుపు ఇళ్లు. వాటికి తోడు చిత్రకారుల బొమ్మలు. బ్రోండుమ్ సత్రం 1890ల నుంచి పెరుగుతూ హోటలయింది. ఆ పెంపుదలకు నక్షాలు గీసిన వాస్తుశిల్పులు థోర్వల్ బిండెస్‌బోల్, ఉల్రిక్ ప్లెస్నర్ ఇద్దరూ చిత్రకారుల స్నేహితులే.

కార్డు సైజు అప్పట్లో దాదాపు 9 సెంటీమీటర్లకు 14. మీటరున్నర వెడల్పు కాన్వాసు ఆ కొలతకు కుదించుకుపోతే ఏది మిగులుతుంది, ఏది పోతుంది? ఈ ప్రశ్నకు జవాబులోనే స్కాగెన్ బొమ్మల కీర్తి రహస్యం చాలావరకు ఉందని నా అభిప్రాయం. ‘మొన దాటగలడా’ బలమంతా ముఖాల్లో ఉంది. కుదిస్తే ఆ ముఖాలు గింజలంత అవుతాయి. కంగారు, ఓర్పు, ఆశ అన్నీ కలిసి ఒక నల్లటి గుంపుగా మిగులుతాయి. క్రోగ్ చిత్రంలో ఆనె గైహెడె చేతుల ముడతలు కార్డు మీద కనిపించవు. క్రోయర్ నీలం మాత్రం ఎంత కుదించినా నీలమే. ఒక వంపు, రెండు లేత రంగు ఆకారాలు, మిగతాదంతా రంగు. అరచేతిలో పెట్టుకున్నా ఏం చూస్తున్నామో ఒక్క క్షణంలో తెలుస్తుంది. కార్డు వెనక రెండు ముక్కలు రాసే యాత్రికుడికి కావలసింది కూడా అదే: ఇక్కడ సాయంత్రం బాగుంది అని చెప్పే బొమ్మ. నలుపు తెలుపు ముద్రణలో ఆ నీలం బతకదు కనుక రంగు అచ్చు చవకయ్యేకొద్దీ క్రోయర్ వ్యాప్తి పెరిగింది.

అయితే నేరం కార్డుది కాదు. తీరం మీద నుంచి జాలరులను ముందే తప్పించింది చిత్రకారులు. ఈలోగా ఊరు కూడా మారింది. రైలు వచ్చాక వేసవి అతిథులు పెరిగారు. 1907లో రేవు తెరుచుకున్నాక పడవల్ని ఇసుక మీదికి లాగే పని తగ్గిపోయింది. మోటారు పడవలు వచ్చాయి. రేవు ఒడ్డున బిండెస్‌బోల్ గీసిన ఎర్రటి చేపల గిడ్డంగులు వరసగా లేచాయి. వేట ఆగలేదు సరికదా, పెరిగింది. నేటికీ డెన్మార్క్‌లోని అతి పెద్ద చేపల రేవుల్లో స్కాగెన్ ఒకటి. తాళ్లు పట్టి లాగే మనుషుల బదులు యంత్రాలు, గిడ్డంగులు, ఎగుమతి బండ్లు వచ్చాక చిత్రకారుల కంటికి అది అందమైన వస్తువుగా కనిపించలేదు. కార్డుల మీద కనిపించే ఊరికీ, చేపలు అమ్ముకుని బతికే ఊరికీ మధ్య ఎడం అక్కడ మొదలైంది.

క్రోయర్ 1893 చిత్రం ప్రయాణం కూడా చెప్పుకోదగ్గదే. జర్మన్ ఒపెరా గాయని లిల్లీ లేమన్ 1895లో దాన్ని కొంది. దశాబ్దాల తర్వాత 1978లో వేలానికి వచ్చినప్పుడు జర్మన్ పత్రికాధిపతి ఆక్సెల్ స్ప్రింగర్ పాడుకున్నాడు. అతను పోయాక 1986లో అది స్కాగెన్ మ్యూజియానికి చేరింది. అంటే తొంభై ఏళ్లకు పైగా ఆ సాయంత్రం సొంత ఊరికి దూరంగానే గడిపింది. స్కాగెన్‌వాళ్లు దాన్ని చూసింది ముద్రణల్లోనే.

మ్యూజియంలు

1908 అక్టోబరులో బ్రోండుమ్ హోటల్ భోజనశాలలో స్కాగెన్ మ్యూజియం స్థాపన జరిగింది. మైకేల్ అంకర్, క్రోయర్, టుక్సెన్, హోటల్ యజమానీ అన్నా సోదరుడూ అయిన డేగ్న్ బ్రోండుమ్, ఊరి మందుల షాపు యజమాని దానికి మూలపురుషులు. ఆ భోజనశాలకు ఒక చరిత్ర ఉంది. చిత్రకారులు ఒకరి ముఖాన్ని ఒకరు వేసుకుని హోటల్‌కు ఇచ్చేవారు. ఆ ముఖచిత్రాలను చెక్క పలకల మధ్య వరసగా బిగించారు. ప్లెస్నర్ గీసిన మ్యూజియం భవనం 1928లో తెరుచుకుంది. 1946లో భోజనశాలను చెక్క పలకలతో సహా అందులోకి తరలించారు. క్రోయర్ 1884లో ఆ గది కోసం వేసిన మైకేల్, అన్నా ముఖచిత్రాల ఆధారంగానే డెన్మార్క్ 1998లో వెయ్యి క్రోనర్ల నోటు విడుదల చేసింది. అప్పట్లో దేశపు అతి పెద్ద నోటు మీద ఒక చిత్రకారుల జంట ఉండడం అరుదైన గౌరవం.

డ్రాక్‌మన్ 1908 జనవరిలో పోతే గ్రేనెన్ దిబ్బల్లోనే సమాధి చేశారు. ఊళ్లోని అతని ఇల్లు, అంకర్ల ఇల్లు రెండూ మ్యూజియంలయ్యాయి. 2014లో ఈ రెండూ, స్కాగెన్ మ్యూజియమూ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. మార్క్‌వే వీధిలోని అంకర్ల ఇల్లు 1884 నుంచి వాళ్లు కాపురమున్నది. తానూ చిత్రకారిణే అయిన హెల్గా 1964లో చనిపోతూ ఇంటినీ సామానునూ ఒక ట్రస్టుకు వదిలింది. 1967లో జనానికి తలుపులు తెరిచారు. ఆ ఇంట్లో అన్నా వేసి ఎవరికీ చూపకుండా దాచుకున్న చిన్న చిన్న తైలవర్ణపు అధ్యయనాలు వందల్లో దొరికాయి. గోడ మీది ఒక ఎండ చారిక, తలుపు, పొలం అంచు, ఇసుక దిబ్బ. వాటిలో చాలావాటి మీద సంతకం కూడా లేదు. నేటి పరిశోధన ఎక్కువగా వాటి మీదే సాగుతోంది.